విదేశీ రోగుల సేవలో ఏఐ: అపోహలు – వాస్తవాలు

వైద్యం కోసం సూడాన్, ఒమన్, ఇథియోపియా వంటి దేశాల నుంచి హైదరాబాద్ వచ్చేవారి ఫైళ్లు చూడటం నా పని. ఈ రంగంలో ఏఐ గురించి వినిపించే మాటల్లో సగం దాన్ని అమ్మేవాళ్లు పుట్టించినవే.

అపోహ: రిపోర్టులన్నీ ఇస్తే చాలు, రోగి చరిత్ర క్షణాల్లో సిద్ధం.

వాస్తవం: సిద్ధమవుతుంది. సరిగ్గా ఉందా అన్నదే పేచీ. ఫోనులో తీసిన ఫొటోలు, అరబిక్ చీటీలు, స్కానింగులు కలగాపులగంగా వాట్సాప్‌లో వచ్చిపడతాయి. వాటిని అనువదించి, ఒక పేజీకి కుదించడంలో ఏఐ చేసే సాయం చిన్నది కాదు. కానీ తేదీలు, కొలమానాల దగ్గర కాపలా ఉండాల్సిందే. ఇథియోపియా క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. 2016 అని ఉన్న బయాప్సీ మన లెక్కలో 2023–24 నాటిది కావచ్చు. యంత్రం దాన్ని పాత కాగితమనుకుని అడుక్కి తోసేయగలదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 100 అని కనిపిస్తే మన డాక్టర్లు అదిరిపడతారు. అక్కడ కొలిచింది లీటరుకు మైక్రోమోల్‌లలో. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోకి మారిస్తే సుమారు 1.1, అంటే దాదాపు మామూలే. సారాంశంలో అంకె మిగిలి కొలమానం రాలిపోతే ఎంత గందరగోళమో ఊహించండి. అందుకే అసలు కాగితం పక్కన పెట్టుకుని సరిచూడనిదే నేను దేన్నీ పైకి పంపను.

అపోహ: చాట్‌బాట్ ఉంటే దుబాసీ దండగ.

వాస్తవం: వీసా కాగితాలు, కారు, గది అద్దె గురించి అర్ధరాత్రి అడిగినా చాట్‌బాట్ చెబుతుంది, మంచిదే. ఆపరేషన్ అంగీకారపత్రం దగ్గర మాత్రం మనిషి కావాలి. రోగిని అడిగిన ప్రశ్నలకు ఆమె అన్నగారే జవాబులు చెబుతున్నారని పసిగట్టేది దుబాసీయే.

అపోహ: ఖర్చు పైసాతో సహా ముందే తేల్చేస్తుంది.

వాస్తవం: ఐసీయూలో ఎన్ని రోజులో ఎవరికీ ముందు తెలియదు. అంచనాకు కనిష్ఠం, గరిష్ఠం రెండూ చెప్పమనండి.

అపోహ: ఇంటికి వెళ్లాక మందులు కూడా అదే చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోకూడదు. 2020 నాటి మన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఏఐ డాక్టరుకు తోడ్పడవచ్చు గానీ, రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. పైగా దేశం బయటి సంప్రదింపులు ఆ మార్గదర్శకాల పరిధిలోకే రావు. కాబట్టి రోగి ఉన్న దేశపు చట్టమూ చూసుకోవాలి. గుండెలో లోహపు కవాటం అమర్చుకుని వెళ్లినవారికి రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష గుర్తుచేయడం, వాళ్లు పంపిన అంకె హద్దు దాటితే మమ్మల్ని హెచ్చరించడం: ఇంతవరకు దానికి అప్పగించవచ్చు. రక్తం పలచబరిచే మందు డోసు మార్చేది గుండె డాక్టరే.