సిటీ బస్సులో టికెట్ లేకపోతే జరిమానా: బెంగళూరులో ఈ లెక్క ఎలా మొదలైంది?

మెజెస్టిక్ నుంచి కాడుగోడి వెళ్లే 335ఈ బస్సులో తెలుగు మాట వినపడని రోజుండదు. కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి కూలిపనికి వచ్చినవాళ్లు, పీజీల్లో ఉంటూ వైట్‌ఫీల్డ్ ఆఫీసులకు వెళ్లే పిల్లలు అందులో కిక్కిరిసి నిలబడతారు. మధ్యలో చెకింగ్‌వాళ్లు ఎక్కి టికెట్ చూపమంటే, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లకు నోట మాట రాదు. కండక్టర్ ఇంకా నా దాకా రాలేదని చెప్పుకోవడానికి కన్నడం రావాలి కదా. చేతిలో టికెట్ లేదు కనుక ఐదు వందల దాకా జరిమానా పడవచ్చు.

ఈ గొడవకు మూలం బస్సులో డబ్బు వసూలు చేసే పద్ధతిలోనే ఉంది. 1940లో బెంగళూరు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ పేరుతో సిటీ బస్సులు ప్రైవేటుగా మొదలయ్యాయి. 1956లో ప్రభుత్వం వాటిని తీసుకుంది. పాతవాళ్లు ఇప్పటికీ బీటీఎస్ అనే పిలిచే ఆ సర్వీసు తర్వాత రాష్ట్ర రవాణా సంస్థలో కలిసి, 1997 ఆగస్టు 15న విడిపోయి బీఎంటీసీ (బెంగళూరు మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్) అయింది. యజమాని మారినా వసూలు తీరు మారలేదు. ముందు జనం ఎక్కుతారు, తర్వాత కండక్టర్ వాళ్ల దగ్గరికి వెళ్లి డబ్బు తీసుకుని టికెట్ ఇస్తాడు. ఎక్కడానికీ టికెట్ చేతికి రావడానికీ మధ్య ఎంతోకొంత దూరం బస్సు నడిచే తీరుతుంది.

చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 124వ సెక్షన్, సరైన టికెట్ గానీ పాస్ గానీ లేకుండా ఎవరూ బస్సెక్కకూడదంటుంది. వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది: బస్సులోనే టికెట్లు ఇచ్చే ఏర్పాటు ఉంటే ఎక్కవచ్చు, కానీ ఎక్కాక వీలైనంత త్వరగా డబ్బిచ్చి టికెట్ తీసుకోవాలి. ఆ 'వీలైనంత త్వరగా' ఎంతసేపు? రద్దీలో వెనక తలుపు దగ్గర ఇరుక్కున్న మనిషికి రెండు స్టాపులా, నాలుగు స్టాపులా? చట్టం చెప్పదు. తేల్చేది చెకింగ్ అధికారే.

రైల్వే చట్టం ఈ విషయంలో ఎక్కువ ఆలోచించిందని నా అభిప్రాయం. 1989 రైల్వే చట్టంలో మోసం చేసే ఉద్దేశంతో టికెట్ లేకుండా ప్రయాణించడానికి 137వ సెక్షన్ ఉంది. దానికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ ఉద్దేశం రుజువు కాకుండా టికెట్ లేకుండా దొరికినవారికి 138వ సెక్షన్ వేరే ఉంది. వారు చార్జీ, దానిమీద అదనపు రుసుము కడితే చాలు. బస్సు చట్టంలో ఇలాంటి విభజన లేదు. ఎగ్గొట్టినవాడికీ, కండక్టర్ కోసం ఎదురుచూస్తున్నవాడికీ ఒకే సెక్షన్, 178.

ఆ సెక్షన్‌లోనే కండక్టర్ కూడా ఉన్నాడు. డబ్బిచ్చినా తీసుకోకపోవడం, టికెట్ ఇవ్వకపోవడం, తక్కువ విలువ టికెట్ ఇవ్వడం, ఇవన్నీ అతని తప్పులు. వాటికీ గరిష్ఠ జరిమానా ఐదు వందలే. ఇద్దరినీ ఒకేచోట కట్టేయడానికి కారణం, బస్సుల్లో చార్జీ సొమ్ము ఇద్దరి ఒప్పందంతో కూడా పోవడమేనని నా అనుమానం. పది రూపాయల దూరానికి ఐదు చేతిలో పెట్టి 'టికెట్ బేడ' (టికెట్ వద్దు) అని దిగిపోయే అలవాటు బెంగళూరులో పాతది. సంస్థకు పైసా రాదు. టికెట్ పుస్తకాలు, పంచింగ్ పోయి మిషన్లు వచ్చినా, మిషన్ నొక్కితేనే కదా లెక్క.

పట్టుబడితే ప్రయాణికుడి కథ జరిమానాతో ముగుస్తుంది. కండక్టర్‌కు సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ, కొన్నిసార్లు ఉద్యోగమే పోవడం. 1977లో హర్యానా రోడ్‌వేస్ కండక్టర్ కేసులో, ప్రయాణికుల వాంగ్మూలం తీసుకోలేదన్న ఒక్క కారణంతో అలాంటి విచారణ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో కర్ణాటక ఆర్టీసీ కండక్టర్ కేసులోనూ టికెట్ సొమ్ములో అక్రమాలను తీవ్రమైన దుష్ప్రవర్తనగానే చూసింది. అందుకే చెకింగ్ బండి కనపడగానే కండక్టర్లు కంగారుగా టికెట్లు కొట్టడం మొదలుపెడతారు. ఆ కంగారును నేను తప్పుపట్టలేను. కిటకిటలాడే బస్సులో ఒక్కడే అందరి దగ్గరికీ వెళ్లడం కష్టం.

2023 జూన్ 11న శక్తి పథకం వచ్చాక లెక్క ఇంకో మలుపు తిరిగింది. కర్ణాటక మహిళలకు మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం, అయినా జీరో టికెట్ తీసుకోవాలి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం సంస్థకు డబ్బు కడుతుంది. ఉచితమే కదా అని ఊరుకుంటే సంస్థకు నష్టం, కండక్టర్ మీద కేసు.

మన ఆడవాళ్లకు చిక్కు ఇక్కడే. ఉచితం కావాలంటే గుర్తింపు కార్డులో కర్ణాటక అడ్రసు ఉండాలి. ఏళ్లుగా మారతహళ్లిలో ఇళ్లలో పనిచేస్తున్నా, ఆధార్‌లో అనంతపురం జిల్లా ఊరు ఉంటే పూర్తి చార్జీ కట్టాల్సిందే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి కూడా ఆయా రాష్ట్రాల మహిళలకే. తమిళనాడులో మాత్రం 2021 మే నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లను అడ్రసు అడగరు. అందరూ తమిళనాడును చూసి ఈ షరతు తీసేస్తే, ఊరు వదిలి బతికే పేద ఆడవాళ్లకు ఎంతో ఊరట.

అప్పటిదాకా బస్సెక్కగానే కండక్టర్‌ను మీరే పిలిచి టికెట్ అడగండి. దిగగానే దాన్ని పారేయకండి. 178వ సెక్షన్ బస్సులో ఉన్నవారికే కాదు, దిగినవారికీ వర్తిస్తుంది. స్టాపులో ఆపి అడిగినా టికెట్ చూపించాల్సిందే. జరిమానా కట్టాల్సి వస్తే రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి.