పై ఆకు చూసి ధర కట్టొద్దు

పిల్లలూ,

టంగుటూరు నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది: "తాతయ్యా, యుద్ధం చేసే దేశంలో నూటికి డెబ్బై మంది యుద్ధం కావాలంటున్నారని టీవీలో చెప్పారు. వాళ్లకీ పిల్లలుంటారు కదా, నిజంగా అంతమందికి ఇష్టమేనా?"

మీ ఊళ్లో పొగాకు వేలం కేంద్రం ఉంది కదమ్మా, సీజన్లో ఒకసారి నాన్నతో వెళ్లి చూడు. కొనేవాళ్లు పై ఆకు రంగు చూసి ధర చెప్పరు. బేలు, అంటే ఆకు కట్ట, మధ్యలోకి చెయ్యి పెట్టి నాలుగాకులు లాగి, వేళ్లతో నలిపి చూస్తారు. పైన నిమ్మపండు రంగు ఆకున్నా లోపల పచ్చాకు, మాడాకు ఉండొచ్చు. తేమ ఎక్కువైతే బూజూ పట్టి ఉండొచ్చు. అట్లాంటిది ఎవరూ పాడక 'నోబిడ్' అయి పక్కన పడిపోతుంది. యుద్ధకాలంలో జనం మాట కూడా ఇట్లాంటి బేలే. కాకపోతే అక్కడ పై ఆకు పేర్చేది మోసానికి కాదు, చాలాసార్లు భయానికి.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపింది. మార్చి మొదట్లోనే, సైన్యం గురించి 'తప్పుడు వార్తలు' చెప్పినవాళ్లకి పదిహేనేళ్ల దాకా జైలు అని చట్టం తెచ్చారు. ఆ రోజుల్లో ఇంటికి ఫోనొచ్చి, ముక్కూ మొహం తెలియని గొంతు "యుద్ధానికి మీ మద్దతు ఉందా?" అంటే ఏం చెప్తారు? కొందరు ఉందంటారు, కొందరు ఫోన్ పెట్టేస్తారు. పెట్టేసినవాళ్లు లెక్కలోకే రారు. అందుకే డెబ్బై అని వినగానే, ఎవరు అడిగారు, ఎట్లా అడిగారు, ఎంతమంది జవాబు చెప్పలేదు అని ముందు కనుక్కోవాలి.

బేలు మధ్యలోకి చెయ్యి పెట్టే పద్ధతీ ఒకటుంది. జనాన్ని లాటరీ తీసినట్టు రెండు సగాలు చేస్తారు. మొదటి సగానికి నాలుగు విషయాల చీటీ ఇచ్చి, "వీటిలో ఎన్నిటికి ఒప్పుకుంటారు? ఏవేవో చెప్పొద్దు, అంకె చెప్పండి చాలు" అంటారు. రెండో సగానికి అవే నాలుగూ, అయిదోదిగా యుద్ధం. మొదటివాళ్ల సగటు 2.1, రెండోవాళ్లది 2.6 అనుకోండి. ఆ 0.5 తేడా యుద్ధం వల్ల వచ్చిందే, అంటే నూటికి యాభై మంది. ఎవరు ఏమన్నారో అడిగినవాడికీ తెలియదు. 2022లోనే రష్యాలో ఇట్లా చేస్తే, సూటిగా అడిగినప్పుడు నూటికి 68 మంది, చీటీ లెక్కలో 53 మంది తేలారు. పదిహేను మంది పై ఆకులన్నమాట. అట్లాగని లోపలంతా బూజే అనుకోకండి. 53 కూడా సగానికి పైనే కదా, అదీ మింగాల్సిన నిజమే.

మాట వేరు, మనసు వేరు. మనసు తెలుసుకోవడానికి అక్కడ ఇంకో ప్రశ్న వేస్తారు: "మీ చుట్టాల్లో, స్నేహితుల్లో ఎక్కువమంది నిమ్మళంగా ఉన్నారా, కలవరంగా ఉన్నారా?" తన గురించి కాదు కాబట్టి భయం లేకుండా చెప్తారు. 2022 సెప్టెంబర్ 21న మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలుస్తున్నామని ప్రకటించగానే, కలవరం అన్నవాళ్లు నూటికి 35 నుంచి 69కి ఎగబాకారు. యుద్ధం టీవీలో ఉన్నన్నాళ్లూ ఒక లెక్క, మనింటి గడప తొక్కితే ఇంకో లెక్క.

కాలం కూడా ఆకు రంగు మారుస్తుంది. వియత్నాంకి సైన్యాన్ని పంపడం తప్పా అని అమెరికాలో అడిగితే, 1965 ఆగస్టులో నూటికి 61 మంది కాదన్నారు. 1971 మేలో 61 మంది అవునన్నారు. మన దగ్గర 1971లో, ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం కవరు మీద అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించమంటే జనం అంటించారు. ధరలు మండిపోయిన 1974కల్లా అదే జనం వీధుల్లోకొచ్చారు.

ఇక మీరే చేసి చూడండి. క్లాసులో అరవై మందిని చీట్లేసి ముప్పై, ముప్పైగా విడగొట్టండి. నాలుగు విషయాలు: చేపల పులుసు ఇష్టం, కాకరకాయ ఇష్టం, ఈత వచ్చు, కొత్తపట్నం సముద్రం చూశాను. అందరూ ఒప్పుకునేవే పెడితే ఒకడు అయిదు వేసి దొరికిపోతాడు, అందుకే కాకరకాయ. రెండో గుంపుకి అయిదోది: పరీక్షలో పక్కవాడిది చూసి రాశాను. ఒకడు వేళాకోళానికి రెండుకి బదులు అయిదు వేశాడంటే సగటు 0.1 జరుగుతుంది, ముప్పై మందిలో ముగ్గురు దొంగలు ఊరికే పుట్టుకొస్తారు. కాబట్టి రెండు మూడు సెక్షన్లు కలపండి. పేర్లు రాయనీయొద్దు. చేతిరాత గుర్తుపట్టే సారుంటే, అంకె బదులు గీతలు గీయమనండి.

మీ తాతయ్య