ఎల్‌ఐజీ ఇంటి జాగాలో హాస్టల్: హైదరాబాద్ కిరాయి ఇళ్ల వెనుక కథ

కేపీహెచ్‌బీ కాలనీలో అడ్రస్ చెప్పేటప్పుడు ఇప్పటికీ 'ఎల్‌ఐజీ ఫలానా నంబరు' అంటారు. తక్కువ ఆదాయం వాళ్ల కోసం హౌసింగ్ బోర్డు కట్టిన ఇల్లు అని ఆ మాటకు అర్థం. ఆ చిన్న ఇళ్లలో చాలావాటి జాగాలో ఇప్పుడు నాలుగైదు అంతస్తులు లేచాయి. గదికి మూడు నాలుగు మంచాలు వేసి హాస్టళ్లు నడుపుతున్నారు. తక్కువ ఆదాయం వాళ్లు నగరానికి రావడం మాత్రం ఆగలేదు. సెక్యూరిటీ గార్డులు, డెలివరీ కుర్రాళ్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, సెంట్రింగ్ పనివాళ్లు రోజూ వస్తూనే ఉన్నారు. వాళ్లు పని సంపాదించుకున్నా, కిరాయికి గది దొరికేదాకా టెన్షనే.

నిజానికి ఈ నగరంలో సర్కారే కిరాయికి ఇళ్లు కట్టిన కాలం ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. మూడేళ్లు తిరగకుండానే ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీలు, గాలి ఆడని గుడిసెలు ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఆ బోర్డు మురికివాడలను తీసేసి ఊరుకోలేదు, చిన్న జీతాల వాళ్లు కట్టుకోగలిగిన కిరాయికి ఇళ్లు కట్టి ఇచ్చింది. మల్లేపల్లి, నారాయణగూడ వైపు 'సీఐబీ క్వార్టర్స్' అనే పేరు ఇంకా జనం నోట్లో ఉందంటే కారణం అదే. ఇల్లు ఇచ్చి నెలనెలా కిరాయి వసూలు చేసుకోవడం ప్రభుత్వం చేయాల్సిన పనే అని అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా కొంతకాలం ఈ ఆలోచన బతికింది. 1952లో కేంద్రం పారిశ్రామిక కార్మికులకు సబ్సిడీ ఇళ్ల పథకం తెచ్చింది. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీల పక్కన ఎస్‌ఆర్‌టీ క్వార్టర్లు, అంటే ఒంటిగది ఇళ్లు, ఆ రోజుల నాటివే. బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు వస్తూనే టౌన్‌షిప్‌లు కట్టుకున్నాయి. ఉద్యోగంతో పాటే క్వార్టరు అన్నమాట. కానీ అది పర్మనెంటు కార్మికుడికి. పని మెల్లమెల్లగా కాంట్రాక్టు చేతికి పోయాక, అదే గేటు లోపల పనిచేసే మనిషికి గేటు బయట గది వెతుక్కోక తప్పలేదు.

1960లో సీఐబీ వగైరా కలిసిపోయి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు అయింది. దారి మళ్లింది ఇక్కడే అని నా అభిప్రాయం. బోర్డు కిరాయికి ఇవ్వడం తగ్గించి, వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన పథకాలన్నీ సొంతింటి చుట్టూనే తిరిగాయి. వాటిలో ఇల్లు దక్కిన కుటుంబాల బతుకు బాగుపడింది, అందులో అనుమానం లేదు. అయితే స్థలం లేనివాడు, ఊరు మారుతూ పని చేసుకునేవాడు, రేషన్ కార్డు సొంతూళ్లో ఉన్నవాడు ఏ లిస్టులోనూ పడలేదు.

అదే 1960లో అద్దె నియంత్రణ చట్టం కూడా వచ్చింది. న్యాయమైన కిరాయి ఎంతో తేల్చమని, ఊరికే ఖాళీ చేయించకుండా ఆపమని రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లొచ్చు. కాగితం మీద మంచి రక్షణే. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు మాత్రం మొదట్లో ఈ చట్టం వర్తించేది కాదు. పాతికేళ్లు గడిచినా వాటిని కొత్త ఇళ్లుగానే చూడటం తగదని 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ఆ వెంటనే ప్రభుత్వం ఇంకో రూపంలో మినహాయింపులు తెచ్చింది. 2005 సవరణతో, కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇల్లు, కట్టి 15 ఏళ్లు నిండని ఇల్లు చట్టం బయటికి వెళ్లిపోయాయి. ఈ రోజు బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో 3,500లోపు కుటుంబం ఉండగలిగే గది చూపించమనండి!

చట్టం వదిలేసిన చోట ఓనరు మాటే చెల్లుతుంది. 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. ఏడాదికి మించితే లీజును రిజిస్టర్ చేయించాల్సి వస్తుందన్న లెక్కతో ఆ ఒక్క నెల తగ్గిస్తారు. చాలామందికి ఆ కాగితమూ ఉండదు. అది లేక అడ్రస్ ప్రూఫ్ ఉండదు, గ్యాస్ కనెక్షన్ కష్టం. గది చూడటానికి వెళ్తే ముందు అడిగేది 'మీరేమిట్లు?' అని. కులం, మతం తెలిశాక గది ఉన్నట్టుండి 'వేరేవాళ్లకు ఇచ్చేశాం' అయిపోతుంది. అన్నిటికన్నా గుండె కోసే సంగతి ఇంకోటి ఉంది. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గడప తొక్కనివ్వని ఓనర్లు మన ఊళ్లలో ఎందరో. ఆస్పత్రి నుంచి తెచ్చిన తండ్రిని రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టి ఏడ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి కిరాయి కట్టిన ఇంటి ముందే.

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని భుజానేసుకుని నడిచారు. పని ఆగిన నెలే కిరాయికి డబ్బు లేకపోవడం ఆ నడకకు ఒక పెద్ద కారణం. ఆ జూలైలోనే కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకానికి ఆమోదం తెలిపింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను బాగు చేసి కిరాయికి ఇవ్వాలన్నది అందులో ఒక భాగం. చండీగఢ్, సూరత్ లాంటి కొద్ది నగరాలు దాటి అది పెద్దగా సాగలేదు. 2021లో నమూనా అద్దె చట్టం వచ్చింది, అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదంది. కానీ అది నమూనా మాత్రమే, అమలు చేయడం రాష్ట్రాల ఇష్టం.

ఇక్కడ 2023 జూన్‌లో నగర శివార్లలోని కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. చక్కటి ఇళ్లే. అయితే ఇళ్లలో పాచిపని చేసే తల్లి పొద్దున ఆరింటికి సిటీలో ఉండాలి. అక్కడి నుంచి ఎలా వస్తుంది? ఇల్లు దక్కినా అక్కడ చేరకుండా, పని చోటికి దగ్గరలో కిరాయికే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. 2024 కేంద్ర బడ్జెట్‌లో పరిశ్రమల కార్మికుల కోసం డార్మిటరీ తరహా అద్దె వసతి అన్నారు. ఒంటరి కుర్రాడికి ఆ మంచం పనికొస్తుంది. భార్యాపిల్లలతో దిగిన మేస్త్రీ అడిగేది పొయ్యి పెట్టుకునే మూల, నీళ్లొచ్చే కుళాయి, పిల్లాడి బడి మారకుండా రెండేళ్లు కదిలించని అగ్రిమెంటు.