ఎట్నా దిగేటప్పుడు బ్రేకులకు ఏ వేగం చేటు?

ఇటలీలో చదువుకుంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "సెలవుల్లో సిసిలీ వెళ్లి సైకిళ్ల మీద ఎట్నా ఎక్కుదామనుకుంటున్నాం. ఎక్కడం ఎలాగో ఎక్కేస్తాం, దిగడమే టెన్షన్. దారి పొడుగునా బ్రేకు పట్టుకుని నెమ్మదిగా దిగాలా, లేక వదిలేసి మలుపు ముందు గట్టిగా పట్టాలా? నెమ్మదిగా పోతే బ్రేకు తక్కువ వేడెక్కుతుందని మా ఫ్రెండు అంటున్నాడు."

ఫ్రెండు చెప్పింది సగం నిజం. మిగతా సగంలో నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి దాక్కుని ఉంది, కాబట్టి ఈసారి వ్యాసమంతా దాని గురించే.

ఎట్నా ఒక అగ్నిపర్వతం. అగ్నిపర్వతాలు ఎలా పుడతాయి, ఫలకాలు ఎలా గుద్దుకుంటాయి అన్నవి బడిలో చదివినవే, వదిలేద్దాం. మనకు కావాల్సింది రోడ్డు. ఎట్నాకు దక్షిణాన నికొలోసి అనే ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊరి పక్కనే 1669 పేలుడులో పుట్టిన మోంతి రోస్సి గుట్టలు. అక్కడి నుంచి సుమారు 18 కిలోమీటర్లు ఎక్కితే 1900 మీటర్ల దగ్గర రిఫుజ్జో సపియెంజా అనే కొండ బస, దాని పక్కన 1892లో పుట్టిన సిల్వెస్త్రి బిలాలు. పైకి పోయేకొద్దీ చెట్లు పలచబడి, రోడ్డుకు రెండు వైపులా నల్లటి లావా రాళ్లే మిగులుతాయి. 1983లో ఒకసారి, 2001లో ఇంకోసారి లావా ఈ రోడ్డును మింగేసింది, చల్లారాక మళ్లీ వేసుకున్నారు. జిరో ద ఇతాలియా సైకిల్ పందెం 1967లో మొదటిసారి ఎట్నా ఎక్కింది, 2022లో లెన్నార్డ్ కెమ్నా సపియెంజా దగ్గరే గెలిచాడు. ఎక్కేవాళ్ల గురించి పేపర్లు బోలెడు రాస్తాయి. దిగేటప్పుడు రిమ్ములో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు.

సరే, లెక్క. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. వాలు 7 శాతం, అంటే వంద మీటర్లు పోతే ఏడు మీటర్లు దిగడం. భూమి మనల్ని వాలు వెంట కిందికి లాగే బలం సుమారు 55 న్యూటన్లు. టైర్ల ఘర్షణకు నాలుగు పోతే 51 మిగులుతుంది. దీన్ని ఆపడానికి మన దగ్గర ఉన్నవి రెండే: గాలి, బ్రేకు. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు భంగిమలో అది దాదాపు 0.21 ఇంటూ వేగం వర్గం (వేగం సెకనుకు మీటర్లలో). బ్రేకు అసలు ముట్టుకోకపోతే ఈ గాలి బలం 51 న్యూటన్లకు చేరేదాకా వేగం పెరుగుతూ పోయి, గంటకు 56 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. అక్కడ బ్రేకు పని సున్నా. పూర్తిగా ఆగి నిలబడ్డప్పుడూ సున్నానే, ఎందుకంటే చక్రం తిరగకపోతే రాపిడి లేదు, వేడి లేదు.

రెండు చివర్లా సున్నా అయితే మధ్యలో ఎక్కడో ఒక శిఖరం ఉండాలి కదా!

బ్రేకులో సెకనుకు పుట్టే వేడి అంటే బ్రేకు బలం ఇంటూ వేగం. నెమ్మదిగా పోతే బలం ఎక్కువ, వేగం తక్కువ. జోరుగా పోతే వేగం ఎక్కువే కానీ పనిలో పెద్ద వాటా గాలి తీసుకుంటుంది. అంకెలు వేసి చూడండి: గంటకు 10 కిలోమీటర్లతో దిగితే 137 వాట్లు, 20 అయితే 247, 32 దగ్గర 306, 45 దగ్గర మళ్లీ 228కి దిగుతుంది, 50 దగ్గర 146. అంటే 20లో దిగినా 45లో దిగినా బ్రేకుకు పడే శిక్ష ఇంచుమించు ఒకటే! భయపడేవాడు సహజంగా ఎంచుకునే ఆ మధ్యస్థపు వేగమే, పాతిక నుంచి ముప్ఫయ్ అయిదు వరకు, బ్రేకును ఎక్కువగా కాల్చేది.

ఇంకా అందమైన విషయం ఏమిటంటే, ఈ చేటు వేగం ఎప్పుడూ బ్రేకు లేని గరిష్ఠ వేగాన్ని మూడు వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే. 56ని 1.73తో భాగించండి, 32. మనిషి బరువు, వాలు, గాలి సాంద్రత ఏది మారినా ఈ నిష్పత్తి మారదు. ఆ వేగం దగ్గర గాలి వాటా సరిగ్గా మూడో వంతు, బ్రేకు వాటా మూడింట రెండు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మాక్సిమా మినిమా అని చెప్పి, అట్టముక్క మూలలు కత్తిరించి పెట్టె చేస్తే ఘనపరిమాణం ఎంత అని తరతరాలుగా అదే లెక్క చేయిస్తారు. ఆ పెట్టె ఎవడికి కావాలండీ? అదే అవకలనం, అదే సున్నాకు సమానం చేయడం, ఈ సైకిల్ మీద చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు ఒక్కొక్కటీ మార్చి చూద్దాం. వాలు 12 శాతం ఉన్న ముక్క వచ్చిందనుకోండి: చేటు వేగం 43కు జరుగుతుంది, వేడి 306 నుంచి ఒక్కసారిగా 717 వాట్లకు దూకుతుంది, ఎందుకంటే ఈ శిఖరం ఎత్తు లాగే బలం మీద ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. సామాన్లతో కలిపి 100 కిలోలు ఉన్న మనిషికి 7 శాతం వాలులోనే 430 వాట్లు. పైన 1900 మీటర్ల దగ్గర గాలి సముద్ర మట్టం కన్నా ఆరో వంతు పలచన, అందుకని బ్రేకు లేని వేగం 56కు బదులు 61 అవుతుంది. గాలి సాయం అత్యవసరమైన చోటే అది తక్కువ దొరుకుతుందన్నమాట. దీనికి విరుగుడు మీ వెన్నెముకే: వంగి కూర్చోకుండా నిటారుగా లేచి, మోచేతులు చాచి, ఛాతీ గాలికి ఎదురుపెడితే అదే వాలులో 56 కాస్తా 47కు పడిపోతుంది, బ్రేకు ముట్టకుండానే. ఘాట్ రోడ్డులో లారీ డ్రైవరు లో గేరు వేసి ఇంజిన్ బ్రేకు మీద దిగినట్టు, సైకిల్‌కు గాలే ఇంజిన్ బ్రేకు.

ఇక ఆ 300 వాట్లు రిమ్మును ఏం చేస్తాయి? ముందు బ్రేకు 200 వాట్లు తీసుకుందనుకుంటే, అరకిలోకు కాస్త తక్కువుండే అల్యూమినియం రిమ్ము, చల్లబడడం లెక్కలోకి తీసుకోకపోతే, సెకనుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. నిమిషానికి ముప్ఫయ్ డిగ్రీలు. లోపల టైరులో గాలి కూడా కాగుతుంది. 30 డిగ్రీల దగ్గర 100 పీఎస్‌ఐ పెట్టుకున్న టైరు 100 డిగ్రీలకు చేరితే సుమారు 126 పీఎస్‌ఐ అవుతుంది, మెత్తబడ్డ ట్యూబు మీద ఆ ఒత్తిడి పడితే ఠప్పున పేలొచ్చు. కార్బన్ రిమ్ముకు అదనంగా రెసిన్ (కార్బన్ పోగుల్ని అంటిపెట్టే జిగురు) మెత్తబడే బెడద. డిస్క్ బ్రేకులైతే టైరుకు ఆ భయం లేదు కానీ, డిస్కు తూకం చూడండి, నూటిరవై గ్రాముల ఉక్కు. అదే 200 వాట్లకు మొదట్లో సెకనుకు మూడున్నర డిగ్రీలు ఎక్కుతుంది! అదృష్టం కొద్దీ అది పలచటి రేకు కాబట్టి వేడిని అంతే త్వరగా వదిలేస్తుంది.

కాబట్టి ప్రశ్నకు జవాబు: వదిలేసి, మలుపు ముందు గట్టిగా పట్టి, మళ్లీ వదిలేయండి. 50 నుంచి 25కు తగ్గిస్తే దాదాపు 5800 జూల్స్ ఒక్క దెబ్బకు బ్రేకులోకి పోతాయి, నిజమే, కానీ తర్వాతి మలుపు దాకా రిమ్ముకు చల్లగాలి తగులుతుంది. కిలోమీటరు లెక్కన చూసినా అంతే. 15లో దిగితే కిలోమీటరుకు 47 వేల జూల్స్ బ్రేకు తింటుంది, 45లో అయితే 18 వేలే, మిగతాది గాలి మింగుతుంది. మీకు 45 అంటే గుండె దడ పుడితే మాత్రం పట్టుదలకు పోకండి, నిజంగా నెమ్మదిగా, పదిలోనే దిగి, మధ్యమధ్య ఆగి రిమ్ము చల్లారనివ్వండి.

కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించే అలవాటు మనకుంది. నిమ్మకాయలకు సిసిలీలోనూ కొదవ లేదు, నమ్మకాలకూ కొదవ లేదు. 1886లో లావా నికొలోసి మీదికి వస్తుంటే కొండ కింది కతానియా నగరం నుంచి, అక్కడి వాళ్లు కొలిచే పునీతురాలు సాంతా అగాత మేలిముసుగు తెచ్చి ఎదురుగా ఊరేగించారు, లావా ఊరి బయట ఆగింది, ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ 1669లో లావా అదే కతానియా పడమటి భాగాన్ని ముంచి సముద్రం దాకా పోయింది. నిమ్మకాయ తొక్కించడానికి నాకేం అభ్యంతరం లేదు, దాంతో పాటు బ్రేకు షూలు అరిగాయేమో కూడా చూడండి.

చివరిగా బూడిద. ఎట్నా పేలితే నల్లటి గాజులాంటి సన్నటి రవ్వ ఊళ్ల మీద, రోడ్ల మీద పడుతుంది. చెయ్యి పెడితే గరుకుగా, ఇసుక కన్నా పదునుగా ఉంటుంది. అది టైరు కింద దొర్లుతుంది, బ్రేకు షూకూ రిమ్ముకూ మధ్య చేరి రెంటినీ గీకేస్తుంది. గంటకు 30తో 7 శాతం వాలులో దిగుతూ, పొడి రోడ్డు మీద ఏడు మీటర్లలో ఆగగలిగినవాడు, రోడ్డు పట్టు సగానికి పడితే పదిహేను మీటర్లు దాటాకే ఆగుతాడు. పట్టు సగమైతే దూరం రెట్టింపు కదా అనుకుంటాం, వాలు వల్ల అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది, ఎందుకంటే ఉన్న కాస్త పట్టులోంచి వాలు తన వాటా ముందే కోసేసుకుంటుంది. 2024 వేసవిలో బూడిద కురిసినప్పుడు కతానియా అధికారులు రెండు చక్రాల బళ్లను పూర్తిగా ఆపేసి, కార్లకు గంటకు 30 కిలోమీటర్ల పరిమితి పెట్టారు. సైకిలిస్టు కూడా కొండ మీద అదే 30 పట్టుకుని జాగ్రత్తగా దిగుతున్నాననుకుంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం బ్రేకును దాదాపు శిఖరం మీదే నడుపుతున్నాడు, అదీ గాజురవ్వతో. అలాంటి రోజు సైకిళ్లు గదిలోనే పెట్టేయండి. కతానియా నుంచి నికొలోసి మీదుగా సపియెంజాకు పొద్దున బస్సు ఉంటుంది.