గమనం గురించి మనం చెప్పుకునే కథలు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. గమన నియమాలు మొదలుపెట్టిన ప్రతిసారీ సూత్రాల కంటే ముందు కొన్ని కథలు అడ్డొస్తాయి.

అపోహ: గెలీలియో పీసా గోపురం మీంచి రెండు గుళ్లు వదిలాడు, ఆ దెబ్బతో, బరువైన వస్తువే త్వరగా పడుతుందన్న అరిస్టాటిల్ సిద్ధాంతం కూలిపోయింది.

వాస్తవం: పీసాలో అలా చేశానని గెలీలియో ఎక్కడా రాయలేదు, ఆ కథ ఆయన శిష్యుడు వివియాని రాసిన జీవితచరిత్రలోది. గుళ్లు వదిలి చూసినట్టు అంతకుముందే, 1586లో, అచ్చులో చెప్పినవాడు ఫ్లెమిష్ గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్. ఒకటి రెండోదానికి పదిరెట్లు బరువున్న సీసపు గుళ్లను 30 అడుగుల ఎత్తు నుంచి పలక మీదకు వదిలితే రెండు చప్పుళ్లూ ఒకటిగానే వినిపించాయన్నాడు. ఆరో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్ అనే తత్వవేత్త, బరువుల్లో ఎంత తేడా ఉన్నా పడే సమయంలో తేడా చాలా కొంచెమే అని రాసిపెట్టాడు. గెలీలియో అసలు గొప్పతనం వాలుతలం దగ్గర ఉంది. నేరుగా పడే వస్తువును ఆనాటి గడియారాలతో కొలవడం కుదరదు కాబట్టి, చెక్క దూలంలో గాడి చెక్కి, కంచు గుండును దొర్లించి, ఆ సమయంలో పాత్రలోంచి కారిన నీళ్లను తూకం వేసి కాలాన్ని కొలిచాడు. దూరం కాలవర్గానికి అనుపాతంలో ఉంటుందని, అంటే కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుందని, అలా తేల్చాడు. 1638లో ఈ ఫలితాలున్న పుస్తకం వచ్చేనాటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు.

అపోహ: అరిస్టాటిల్ లోకాన్ని చూడకుండానే రాశాడు.

వాస్తవం: చూశాడు, కానీ గాలీ నీళ్లూ అడ్డుపడే లోకాన్ని చూశాడు. నీళ్లలో బరువైన గుండు, అదే సైజున్న తేలికైన గుండు కంటే నిజంగానే త్వరగా మునుగుతుంది.

అపోహ: పైకి విసిరిన బంతిలో మనం ఇచ్చిన బలం ఉంటుంది, అది అయిపోగానే కిందికి వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చెయ్యి వదిలాక బంతి మీద పనిచేసే బలాలు గీయమంటే, క్లాసులో చాలామంది పైకి ఒక బాణం గీస్తారు. గాలిని పక్కన పెడితే ఉన్నది కిందికి లాగే గురుత్వాకర్షణ ఒక్కటే, పైకి ఉన్నది వేగం మాత్రమే. అయినా ఆ పిల్లల్ని మొద్దులనకండి. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే తత్వవేత్త కూడా, విసిరినవాడు వస్తువులోకి ఇంపెటస్ అనేదాన్ని, అంటే దాన్ని నడిపించే ఊపును, ఎక్కిస్తాడనే అన్నాడు. కాకపోతే అది దానంతటది అరిగిపోదు, గాలి, బరువు కలిసి అరగదీస్తాయి అన్నాడు. అడ్డులేని ఆకాశంలో గ్రహగోళాలు ఆగకుండా తిరగడానికి కారణం అదేనేమో అని కూడా ఊహించాడు. ఈ ఒక్క మెట్టు పిల్లలకు అర్థమైతే జడత్వం, అంటే బయటి బలం లేకపోతే వస్తువు తన స్థితిని మార్చుకోదన్న సంగతి, వాళ్లకు సగం వచ్చేసినట్టే.

అపోహ: బయటి బలం లేకపోతే వస్తువు ఆగి ఉన్నా, సరళరేఖలో ఒకే వేగంతో సాగుతున్నా అలాగే ఉంటుందనే మొదటి గమన నియమం న్యూటన్ ఒక్కడిదే.

వాస్తవం: అడ్డులేని గమనం ఆగదని గెలీలియో అన్నాడు, కానీ ఆయన ఆలోచన భూమి ఉపరితలం వెంట సాగే గమనం గురించి. సరళరేఖలో సాగుతుందని 1644లో స్పష్టంగా రాసింది ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్. 1687లో న్యూటన్ దాన్ని మొదటి నియమంగా నిలబెట్టి, దాని మీద గ్రహాల లెక్క మొత్తం కట్టాడు. నియమాల తర్వాత రాసిన వ్యాఖ్యలో, మొదటి రెండు నియమాలతో గెలీలియో తన ఫలితాలు కనుక్కున్నాడని ఆయనకు పేరిచ్చాడు కూడా. డెకార్ట్ పేరు మాత్రం అక్కడ లేదు.