మోంటెక్రిస్టో ఓపెన్: ఆకుపచ్చ పట్టీ చుట్ట మీద ఈ గొడవ ఎక్కడ మొదలైంది

మోంటెక్రిస్టో అనే పేరున్న క్యూబా చుట్టల బ్రాండ్‌లో తేలిక కూర్పుతో వచ్చిన రకం ఓపెన్, దాని మీద గొడవ మళ్లీ లేచింది. క్యూబా చుట్టలు ఇష్టంగా తాగేవాళ్లలో ఒక వర్గం దీన్ని మోంటెక్రిస్టో పేరుకే మచ్చ అంటుంది, ఇంకో వర్గం పట్టీ చూసి తిట్టడం మాని ఓసారి కాల్చి చూడండి అంటుంది, మధ్యలో కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎవరి మాట వినాలో తెలియక తికమకపడుతున్నారు. ధరలు పెరిగినప్పుడల్లా ఈ గొడవ లేవడం మామూలే. అలవాటైన చుట్ట అందకుండా పోయాక జనం షాపు అరల్లో ఇంకేం మిగిలిందా అని వెతుకుతారు, అప్పుడు అక్కడ ఓపెన్ చుట్ట ఆకుపచ్చ పట్టీ కంటపడుతుంది.

2022లో, క్యూబా చుట్టలను ప్రపంచమంతా అమ్మే హబానోస్ సంస్థ కొహీబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలను ప్రపంచమంతా ఒకే స్థాయికి తేవాలని నిర్ణయించి, హాంకాంగ్ ధరను కొలతగా పెట్టుకుంది. కొన్ని దేశాల్లో ఒక్క దెబ్బకు రేటు రెట్టింపు దాటింది. ఆ సెప్టెంబరులోనే ఇయన్ తుపాను క్యూబాలోని పినార్ డెల్ రియోను తాకి, పొగాకు ఆరబెట్టే షెడ్లను వేల సంఖ్యలో నేలమట్టం చేసింది. ప్రపంచంలో పేరున్న చుట్టాకు పండే వుయెల్టా అబాహో ఉన్నది ఆ జిల్లాలోనే. ఇన్ని జరిగినా సంస్థ రాబడి 2022లో 54.5 కోట్ల డాలర్లు ఉన్నది 2023లో 72.1 కోట్లకు, 2024లో 82.7 కోట్లకు పెరిగింది. అంటే రేటు పెంచినా కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లుగా కొంటున్న పాత కాపులు కాదు, అదే ఈ పాతవాళ్ల కోపానికి సగం కారణం.

1935లో బ్రాండ్ పుట్టుక, నవల నుంచి పేరు పెట్టుకోవడం, కత్తుల ముద్ర, 1960లో ఫ్యాక్టరీల జాతీయీకరణ, ఈ కథలు అందరూ విన్నవే కాబట్టి మళ్లీ ఎత్తుకోను. ఓపెన్ మీద గొడవ అర్థం కావాలంటే 2000 దగ్గర నుంచి చూస్తే చాలు.

ఆ ముందు ఏడాది స్పెయిన్ వాళ్ల తబకలేరా, ఫ్రాన్స్ వాళ్ల సీటా కలిసి ఆల్టాడిస్ అయ్యాయి. 2000లో ఆల్టాడిస్ దాదాపు 50 కోట్ల డాలర్లు పెట్టి హబానోస్‌లో సగం వాటా కొనుక్కుంది. మిగతా సగం క్యూబా ప్రభుత్వానిదే. ఆకు, చేతిపని క్యూబావే, కానీ ఏ సైజు ఉంచాలి, ఏది తీసేయాలి, పెట్టె ఎలా ఉండాలి, ఎవరికి అమ్మాలి అన్న మాటల్లో అమ్మకాల లెక్కలు తెలిసిన యూరప్ వాళ్ల బరువు పెరిగింది. ఆ తర్వాత పదేళ్లు గమనిస్తే వరస కనిపిస్తుంది. ఏటా లిమిటెడ్ ఎడిషన్లు వచ్చాయి. నెమ్మదిగా అమ్ముడుపోయే సన్నటి, పొడవాటి చుట్టలు కేటలాగ్ నుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. వాటి చోట పొట్టివి, లావువి వచ్చాయి. మోంటెక్రిస్టోలోనే 2004లో ఎడ్ముండో, 2006లో పెటిట్ ఎడ్ముండో దిగాయి, రెండూ 52 మందం. చుట్ట మందాన్ని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. అందరికీ తెలిసిన మోంటెక్రిస్టో నంబర్ 4 మందం 42, అంటే ఇంచుమించు పదహారున్నర మిల్లీమీటర్లు. 52 అంటే ఇరవై దాటుతుంది. నోట్లో పెట్టుకుంటే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో దెబ్బ చట్టాలది. 2004లో ఐర్లాండ్, 2005లో ఇటలీ, 2006లో స్పెయిన్ కొంతవరకు, 2007లో ఇంగ్లండ్, 2008 మొదట్లో ఫ్రాన్స్ కేఫులు, రెస్టారెంట్లు. నాలుగేళ్లలో యూరప్‌లో చాలాచోట్ల పొగతాగేవాళ్లు నాలుగు గోడల మధ్య నుంచి బయటికి వచ్చేశారు. భోజనం అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి గంటంబావు చుట్ట కాల్చే మనిషి చలిలో డాబా మీద నిలబడాల్సి వచ్చింది. క్యూబా చుట్టలకు యూరపే అతి పెద్ద మార్కెట్, అందులో స్పెయిన్ ఎప్పుడూ ముందు వరసలో ఉండేది. ఆ మార్కెట్ చేజారిపోకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నకు హబానోస్ ఇచ్చిన జవాబే ఓపెన్.

2009 ఫిబ్రవరిలో హవానాలో జరిగిన హబానోస్ ఉత్సవంలో దీన్ని చూపించారు. పేరే చెబుతోంది కదా, ఆరుబయట తాగేవాళ్ల కోసం. నాలుగు సైజులు: ఈగిల్, మాస్టర్, రెగాటా, జూనియర్. గోల్ఫ్ మైదానం నుంచీ పడవ పందేల నుంచీ తెచ్చిన పేర్లు. ఈగిల్ 54 మందం, 150 మిల్లీమీటర్ల పొడవు. మాస్టర్ 50, 124. రెగాటా 46, 135, కొన సన్నగా ఉంటుంది. జూనియర్ 38, 110. మామూలు గోధుమ రంగు పట్టీ కింద ఆకుపచ్చ రంగు పట్టీ ఇంకోటి. పెట్టెలు చూస్తే ఎండలో ఆటలాడే జనం గుర్తొచ్చేలా డిజైన్ చేశారు. పాత అభిమానులు అసలు పొగ తగలకముందే ఇక్కడే ముఖం చిట్లించారు.

ఇక లోపలి సంగతి. క్యూబా చుట్ట లోపలి కూర్పులో మూడు రకాల ఆకు పడుతుంది. మొక్క కింది భాగం నుంచి వచ్చే వొలాడో బాగా అంటుకుని కాలుతుంది, రుచి తక్కువ. మధ్య నుంచి వచ్చే సెకోలో వాసన ఉంటుంది. ఎండ ఎక్కువ తాగే పై ఆకు లిగేరోలో ఘాటు ఉంటుంది, అది నిదానంగా కాలుతుంది, ఎక్కువ కాలం మాగబెట్టాలి. ప్రకాశం జిల్లాలో పొగాకు వేసే రైతుకు ఇది వివరంగా చెప్పనక్కర్లేదు, కింది నుంచి పైకి విడతలుగా ఆకు కోసేటప్పుడు ఏ విడత ఆకు ఎంత బరువుంటుందో చేతికే తెలుస్తుంది. మోంటెక్రిస్టోది మామూలుగా మధ్యస్థం నుంచి ఘాటు దాకా ఉండే కూర్పు. ఓపెన్‌లో కావాలనే దాన్ని తేలిక చేశారు. అంతేగానీ చౌక ఆకు తెచ్చి వేయలేదు. పొడుగాటి ఆకుతోనే, మొత్తం చేత్తోనే చుడతారు, మిగతా మోంటెక్రిస్టోల లాగే. ముక్కలాకుతో చుట్టే చౌక బ్రాండ్లతో దీన్ని కలిపి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది తప్పు.

వ్యతిరేకుల మాట కొట్టిపారేసేది కాదు. మోంటెక్రిస్టో అంటే నోట్లో కోకో, కాఫీ, కాస్త తోలు వాసన, ఆ బరువు ఉండాలి, అది లేనప్పుడు వేరే పేరు పెట్టుకోవాల్సింది అంటారు. తేలిక కూర్పు కాబట్టి పెట్టెలో పదేళ్లు దాచినా పెద్దగా ఎదగదు అంటారు. 2017లో హబానోస్ అదే బ్రాండ్ కింద మాల్టెస్, డ్యూమా, లెయెండా అనే మూడు సైజులతో ఘాటైన లినియా 1935 తెచ్చింది కదా, ఓపెన్‌తో పలుచబడ్డ పేరును మళ్లీ నిలబెట్టుకోవడానికి కాకపోతే అదెందుకు అని అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ ఆ లైన్ దిగింది ఘాటు కోరేవాళ్ల కోసం ఎంతో, పై మెట్టు ధర పెట్టగలిగేవాళ్ల కోసం కూడా అంతే. పాత మోంటెక్రిస్టో ఎక్కడికీ పోలేదు. నంబర్ 2, నంబర్ 4 ఓపెన్ వచ్చాక కూడా అలాగే ఉన్నాయి.

ఓపెన్ పక్షం వాళ్ల మాట ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని సరిగ్గా వినిపించినవాళ్లు తక్కువ. మాస్టర్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా, సమంగా ఉంటుంది. చుట్ట తల మీది టోపీ కత్తిరించి వెలిగించక ముందే ఒక దమ్ము లాగితే ఎండుగడ్డి, కొత్త చెక్క వాసన. వెలిగించాక మొదటి పావుగంట తేలిక, పాలమీగడ లాంటి నునుపు, నాలుక మీద చురుక్కుమనదు. సగం దాటాకే కాస్త బరువెక్కి మిరియం లాంటి ఘాటు, ఆ పాత కోకో ఛాయ కనిపిస్తాయి. నుసి లేత బూడిద రంగులో వేలెడు దాకా రాలకుండా నిలబడుతుంది. ముప్పావుగంటలో పని అయిపోతుంది. రెగాటా అయితే కొన ఎంత కోస్తే అంత మారుతుంది: చిన్నగా కోస్తే పొగ చిక్కగా నాలుక మధ్యకు వస్తుంది, పెద్దగా కోస్తే గాలి ఎక్కువై ఉన్న రుచి కూడా పలుచబడుతుంది. కొత్తవాళ్లు చాలామంది పెద్దగా కోసేసి, చప్పగా ఉందని పక్కన పడేస్తారు.

ఇప్పుడు దీని పక్కన హోయో దె మోంటెరే ఎపిక్యూర్ నంబర్ 2 పెట్టండి. అదీ 50 మందమే, 124 పొడవే, అచ్చంగా మాస్టర్ సైజు. అదీ తేలిక కూర్పే, హోయో బ్రాండ్ పేరే తేలికదనానికి. కానీ దాన్ని తేలికని తిట్టేవాళ్లు నాకు కనిపించలేదు. సున్నితం, నాజూకు, మధ్యాహ్నానికి సరిపోయే చుట్ట అని మెచ్చుకుంటారు. 2014లో అదే హోయోలో కాస్త బరువైన లె హోయో దె సాన్ హువాన్ వచ్చినప్పుడు కూడా బ్రాండ్ దారి తప్పిందని ఎవరూ వీధికెక్కలేదు. తేలిక బ్రాండ్ బరువెక్కితే పర్వాలేదు, బరువైన బ్రాండ్ తేలికైతే ద్రోహం అంటున్నారంటే, ఆ తీర్పులో నాలుక కంటే పట్టీ ఎక్కువ మాట్లాడుతోందని ఓపెన్ పక్షం అంటుంది. ఈ ఒక్క పోలికకు అవతలి పక్షం నుంచి నేను ఇప్పటిదాకా సూటి జవాబు వినలేదు.

నా లెక్కలో అసలు కోపం ఓపెన్ మీద కాదు. 2000 తర్వాత తమకు ఇష్టమైన సన్న చుట్టలు ఒక్కొక్కటే పోతుంటే చూసినవాళ్లు, ఎవరినీ అడగలేక, ఏ ఒక్క ఏడాదినీ వేలెత్తి చూపలేక మింగి కూర్చున్నారు. తొలగింపు ఎప్పుడూ నిశ్శబ్దంగానే జరిగేది, షాపులో స్టాక్ అయిపోయాకగానీ తెలిసేది కాదు. ఓపెన్ మాత్రం ఉత్సవం చేసుకుని, లైట్లు వేసుకుని, గోల్ఫ్ పేర్లు పెట్టుకుని వచ్చింది. తొమ్మిదేళ్లుగా పేరుకున్న దుఃఖం అంతా దాని మీద పడింది. ఆ దుఃఖం నిజమైనదే. సన్నటి చుట్ట కాలే తీరు వేరు, అందులో పైన చుట్టే ఆకు వాటా ఎక్కువ కాబట్టి రుచి వేరు, లావు చుట్ట దాన్ని ఇవ్వలేదు. కానీ ఆ సైజుల్ని చంపింది ఓపెన్ కాదు, దాన్ని తెచ్చిన లెక్కే వాటినీ తీసేసింది.

ఆ లెక్క పూర్తి రూపం మరుసటి ఏడాదే బయటపడింది. 2010లో కొహీబా బెహికె వచ్చింది, 52, 54, 56 మందాల్లో మూడు సైజులు, మొక్క చివర్న అరుదుగా దొరికే మెడియో టియెంపో ఆకుతో, అప్పటికి ఊహించని ధరతో. పన్నెండు నెలల తేడాతో సంస్థ కింది మెట్టు ఒకటి, పై మెట్టు ఒకటి కట్టింది. బెహికెకు పాత అభిమానులు దండం పెట్టారు. 2022లో హాంకాంగ్ ధర దాకా వెళ్లిన దారి బెహికె నుంచి వేసిందే, ఓపెన్ నుంచి కాదు. ఇవాళ కొహీబా కొనలేక మండిపడుతున్నవాళ్లు ఆ కోపాన్ని ఓపెన్ మీద చూపించడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ధరల పెంపులో దాని పాత్ర అందరికంటే తక్కువ.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ చర్చ ఇంకో రకంగా తగులుతుంది. 2016 అక్టోబరులో ఒబామా ప్రభుత్వం ప్రయాణికులు సొంత వాడకానికి క్యూబా చుట్టలు తెచ్చుకోవడంలో ఉన్న పరిమితి ఎత్తేసింది, 2020 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం ఆ తలుపు మూసేసింది. కాబట్టి అక్కడున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లే వీల్లేదు. వేరే దేశంలో దిగినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు అక్కడే తాగి రావాలి. అలా ఎప్పుడో ఒకటి కాల్చేవాళ్లకు, అలవాటు లేని నాలుకకు మోంటెక్రిస్టో నంబర్ 2 ఇస్తే సగంలో తల తిరుగుతుంది. జూనియరో, రెగాటానో అయితే అంత టెన్షన్ లేదు.

ఇప్పుడు వాదన రెండు డిమాండ్ల దగ్గర ఆగింది. ఓపెన్ లైన్ మూసేయాలి, ఆ చోట పాత సన్న సైజు ఒకటి తిరిగి తేవాలి అని పాతవాళ్లు అడుగుతున్నారు. రెండోదానికి నేనూ చేయెత్తుతాను. మొదటిదానికి మాత్రం కాదు. 2000 తర్వాత కేటలాగ్‌లో ఖాళీ అయిన చోట్లు ఎక్కువగా సన్న చుట్టలకు తిరిగి రాలేదు, 50 మందం దాటినవాటికీ, లిమిటెడ్ పెట్టెలకీ పోయాయి. ఓపెన్‌ని తీసేసినా ఆ చోటు అటే పోతుంది, ఇంకాస్త పెద్ద ధరతో.