బొమ్మను మోసే తీగ: హెచ్‌డీ టీవీకి ఏ కేబుల్ సరిపోతుంది?

కిందటి దసరాకు హనుమకొండలోని మా మేనమామ ఇంట్లోకి 55 అంగుళాల కొత్త టీవీ వచ్చింది. పండుగ నాడు భోజనాలయ్యాక మామ నన్ను దాని ముందు కూర్చోబెట్టి, “అల్లుడా, గింత పెద్ద టీవీ తెచ్చినం గని, బొమ్మ పాత డబ్బా టీవీ లెక్కనే మసక మసకగ ఉన్నది, జర చూడు” అన్నాడు. వెనక చెయ్యి పెట్టి చూస్తే పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న ఏవీ వైరు తగిలింది. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీది, నెలనెలా హెచ్‌డీ చానళ్లకు డబ్బు కడుతూనే ఉన్నారు, కానీ పాత టీవీ నుంచి పీకిన వైరునే కొత్తదానికీ గుచ్చారు. బాక్సుతో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ విప్పని సంచిలో అల్మారాలోనే ఉంది. దాన్ని తెచ్చి పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఇదే పరిస్థితిని నేను వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ మరికొన్ని ఇళ్లలో చూశాను కనుక, ఆ తీగల్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

పసుపు పిన్ను మోసేదాన్ని కాంపోజిట్ సిగ్నల్ అంటారు. మన దేశంలో 1982లో ఏషియాడ్ క్రీడల సమయంలో రంగుల ప్రసారం మొదలైనప్పుడు ఎంచుకున్న పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు ఉంటాయి. వాటిలో తెరపై కనిపించే గీతలు 576. నలుపు తెలుపు టీవీలు కూడా అదే ప్రసారాన్ని చూపగలగాలి కాబట్టి, వెలుగునీడల సమాచారం ఉన్న సిగ్నల్‌లోనే రంగుల సమాచారాన్ని సుమారు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఇమిడ్చారు. అప్పటికి అది ఎంతో తెలివైన ఏర్పాటు. కాని రెండింటినీ ఒకే తీగలో కలిపి పంపాక అవతలి వైపు మళ్లీ శుభ్రంగా విడదీయడం సాధ్యం కాదు. తెర వెడల్పులో దాదాపు 230 జతల నలుపు తెలుపు చారలు పడే వస్త్రాన్ని చూపిస్తే, ఆ చారల వేగం సరిగ్గా రంగుల సిగ్నల్ వేగంతో సమానమవుతుంది, టీవీ వాటిని రంగులని పొరబడుతుంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాల సన్నని చారలు పాత టీవీల్లో కనిపిస్తే వాటి మీద లేని ఇంద్రధనుస్సు కదలడానికి కారణం ఇదే. ఆ నేత మీద కెమెరా మెల్లగా జరుగుతుంటే అసలు రంగు ఏదో పోల్చుకోలేకపోయేవాళ్లం. మంచి నేతను టీవీ చెడగొట్టి చూపిస్తున్నదని నాకు చిన్నప్పుడు నిజంగానే బాధగా ఉండేది.

ఈ చిక్కును తగ్గించడానికి వెలుగును, రంగును వేర్వేరు తీగల్లో పంపే ఎస్-వీడియో, ఆ తర్వాత ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులున్న కాంపోనెంట్ కేబుళ్లు వచ్చాయి. కాంపోనెంట్ కేబుల్ హెచ్‌డీని కూడా మోయగలదు, అయితే ఇప్పటి పరికరాల్లో ఆ రంధ్రాలే అరుదైపోయాయి. పసుపు పిన్ను మాత్రం చాలా బాక్సుల మీద ఇంకా ఉంది. పాల్ బొమ్మను డిజిటల్ లెక్కలోకి మారిస్తే 720 అడ్డం, 576 నిలువు, అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. పూర్తి హెచ్‌డీ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు, అంటే ఇరవై లక్షలకు పైగా చుక్కలు. ఐదు పాళ్ల బొమ్మను బాక్సు సిద్ధం చేసి పెడితే, పసుపు తీగ అందులో ఒక పాలు మాత్రమే టీవీకి చేరవేస్తుంది. 4కే టీవీకి ఎనభై రెండు లక్షలకు పైగా చుక్కలుంటాయి కనుక, అది ఆ ఒక్క పాలునే సాగదీసి తెర నిండా పరుస్తుంది. మామ చూసిన మసక అదే.

హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం 2002 డిసెంబరులో విడుదలైంది. సోనీ, పానసోనిక్, ఫిలిప్స్, తోషిబా, హిటాచీ వంటి సంస్థలు కలిసి దాన్ని రూపొందించాయి. దాని మూతిలో 19 పిన్నులుంటాయి. వాటిలో 12 పిన్నులు నాలుగు జతల తీగలకూ, ఆ జతల తొడుగులకూ చెందినవి. మూడు జతలు బొమ్మను, శబ్దాన్ని మోస్తాయి, నాలుగో జత పాటకు వేసినట్టు తాళం వేస్తుంది, అంటే ఏ బిట్టు (సున్నా లేదా ఒకటి) ఎప్పుడు మొదలవుతుందో చెబుతుంది. మిగిలిన పిన్నుల్లో కొన్ని, టీవీ తన శక్తి ఎంతో బాక్సుకు చెప్పుకోవడానికీ, ఒకే రిమోటుతో రెండూ పనిచేయడానికీ ఉపయోగపడతాయి. ప్రతి జతలోనూ రెండు తీగలు పరస్పరం వ్యతిరేకమైన వోల్టేజీని మోస్తాయి. పక్కన ఫ్యాను మోటారు నుంచో మిక్సీ నుంచో గోల వచ్చి పడితే అది రెండింటి మీదా ఒకే విధంగా పడుతుంది. టీవీ రెండింటి తేడాను మాత్రమే చదువుతుంది కాబట్టి ఆ గోల చాలావరకు కొట్టుకుపోతుంది. తీగలను జతగా మెలిపెట్టడం వెనక ఉన్న ఉద్దేశం అదే.

మన హెచ్‌డీ చానళ్లు ఎక్కువగా 1080ఐ రూపంలో, అంటే 1080 గీతలను ఒకసారి సగం, మరోసారి మిగతా సగంగా పంపే పద్ధతిలో వస్తాయి. తెరపై కనిపించని ఖాళీ గీతలతో కలిపి లెక్కిస్తే దానికి సెకనుకు 7.425 కోట్ల చుక్కలు, ఒక్కో చుక్కకు తీగలో 30 బిట్లు, మొత్తం సుమారు 2.2 గిగాబిట్లు (ఒక గిగాబిట్ అంటే వంద కోట్ల బిట్లు). ఈ మాత్రం బరువును ఏ సాధారణ హెచ్‌డీఎంఐ కేబులైనా రెండు మీటర్ల దూరం తేలిగ్గా మోస్తుంది. సెకనుకు 60 బొమ్మల 4కే వీడియో అయితే 17.8 గిగాబిట్లు కావాలి. అప్పుడు ఒక్కో జతలో సెకనుకు దాదాపు 594 కోట్ల బిట్లు పరుగెత్తుతాయి. తీగలో సిగ్నల్ వేగం కాంతి వేగంలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, అంత హడావిడిలో ఒక్కో బిట్టు తీగలో ఆక్రమించే పొడవు మూడున్నర సెంటీమీటర్లే. పది మీటర్ల కేబుల్‌లో ఒక బిట్టు అవతలి కొసకు చేరేలోపు దాని వెనక మరో 280 బిట్లు బయలుదేరి ఉంటాయి. సోఫా వెనక కనపడకుండా పడి ఉండే నల్లని తీగ ఇంత పని చేస్తుందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలోకి వదిలిన నీరు దారిలో ఇంకుతూ ఇగురుతూ వరంగల్ వైపు చివరి ఆయకట్టుకు తగ్గి చేరినట్టే ఇదీ. తీగలో ఈ నష్టం వేగంతో పాటు పెరుగుతుంది. ఎందుకంటే అధిక పౌనఃపున్యంలో కరెంటు రాగి తీగ లోపలికి దిగకుండా పైపొరలోనే ప్రవహిస్తుంది. వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం మిల్లీమీటరులో ఐదు వందలవ వంతు. అందుకే పొడవు ఎక్కువైతే తీగ లావుగా ఉండాలి. కేబుల్ తొడుగు మీద ఏడబ్ల్యూజీ అనే అక్షరాలతో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుంది. 30 అంకె తీగ పావు మిల్లీమీటరు, 24 అంకె తీగ అర మిల్లీమీటరు మందం ఉంటాయి.

అయితే నీటి పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. డిజిటల్ సిగ్నల్ తగ్గితే బొమ్మ అంత మేరకు మసకబారదు. ఊళ్లో వేసే డప్పు దరువును తలచుకోవాలి. దూరం పోయేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, కాని దెబ్బలు లెక్కపెట్టగలిగినంత వరకు దరువు అదే దరువు, దానిలో ఏ లోపమూ ఉండదు. ఇంకా దూరం పోతే ఒక దెబ్బ ప్రతిధ్వని తర్వాతి దెబ్బలో కలిసి, ఉన్నట్టుండి ఏమీ అర్థం కాకుండా పోతుంది. హెచ్‌డీఎంఐ తీగలో కూడా బిట్లు విడివిడిగా గుర్తుపట్టగలిగినంత వరకు బొమ్మ యథాతథంగా వస్తుంది. ఆ హద్దు దగ్గర తెర మీద తెల్లని మెరుపు చుక్కలు రాలుతాయి, ఇంకొంచెం దాటితే తెర క్షణంపాటు నల్లబడి తిరిగి వస్తుంది, ఆ తర్వాత అసలే రాదు. 17.8 గిగాబిట్ల వేగంలో వంద కోట్ల బిట్లకు ఒక్కటి తప్పినా సెకనుకు సుమారు 18 తప్పులవుతాయి కాబట్టి, ఈ హద్దు చాలా ఇరుకైనది.

దీన్ని బట్టి ఒక మాట నమ్మకంగా చెప్పగలను. పనిచేస్తున్న హెచ్‌డీఎంఐ కేబుల్‌ను తీసి పది రెట్ల ధర కేబుల్ పెట్టినంత మాత్రాన రంగులు గాఢంగా మారవు, నలుపు చిక్కబడదు, మొహాల్లో స్పష్టత పెరగదు. ఖరీదైన తీగతో బొమ్మ మెరుగవుతుందనే నమ్మకానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. పసుపు పిన్ను రోజుల్లో తీగలోని వోల్టేజీయే బొమ్మ, దాని మీద పడిన ప్రతి గోలా తెర మీద అడ్డచారలుగానో నీడబొమ్మగానో కనిపించేది. మంచి తొడుగున్న తీగ ఆ రోజుల్లో నిజంగా తేడా చూపించింది. అదే మాటను ఇప్పటి కేబుళ్లకు అంటగట్టి వేల రూపాయలు గుంజడం అన్యాయం. పిన్నులకు బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, తరచూ తీసి పెట్టేవాళ్లకు అది మేలే, కాని ఆ పూత బొమ్మలోకి ఏ అందాన్నీ తేలేదు.

కొనేటప్పుడు 2.0, 2.1 అనే అంకెల వెంట పడనక్కర్లేదు. అవి పరికరాలకు వర్తించే ప్రమాణాల పేర్లు, కేబుల్‌కు చూడవలసింది దాని తరగతి. హై స్పీడ్ అన్నది 10.2 గిగాబిట్ల వరకు, ప్రీమియం హై స్పీడ్ 18 వరకు, అల్ట్రా హై స్పీడ్ 48 గిగాబిట్ల వరకు మోస్తాయి. చివరిదానిలో తాళం వేసే జత కూడా సమాచారం మోయడానికే వాడతారు, నాలుగు జతలు పన్నెండేసి గిగాబిట్లు మోస్తే 48 అవుతాయి. చివరి రెండు తరగతుల అట్టపెట్టె మీద ఫోనుతో స్కాన్ చేసి సరిచూసుకునే ధ్రువీకరణ ముద్ర ఉంటుంది. సెట్‌టాప్ బాక్సుకు హై స్పీడ్, 4కే సినిమాలు చూపే పరికరానికి ప్రీమియం, సెకనుకు 120 బొమ్మలతో 4కే ఆటలాడే గేమ్ కన్సోల్‌కు అల్ట్రా తీసుకుంటే సరిపోతుంది. ప్రొజెక్టరు కోసం పది, పదిహేను మీటర్లు లాగవలసి వస్తే రాగిని నమ్ముకోవడం కంటే లోపల గాజుతీగ ఉన్న ఆప్టికల్ హెచ్‌డీఎంఐ మేలు. దానికి దిశ ఉంటుంది, టీవీ వైపు అని రాసి ఉన్న కొసను పొరపాటున బాక్సుకు పెడితే బొమ్మ రాదు.

నిజానికి మన ప్రాంతంలో జాగ్రత్తా డబ్బూ పెట్టవలసింది డాబా మీది తీగకు. డిష్ పట్టే సిగ్నల్ 11, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. డిష్ మూతికి ఉన్న ఎల్‌ఎన్‌బీ అనే పరికరం దాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లకు దించి, నడుమ ఒక తీగ, దాని చుట్టూ జాలీ ఉండే కోయాక్సియల్ తీగలోకి పంపుతుంది. ఆర్‌జీ-6 రకం తీగలో వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు సుమారు 20 డెసిబెళ్ల నష్టం ఉంటుంది, అంటే ముప్పై మీటర్లు దిగేసరికి నాలుగో వంతే మిగులుతుంది. రెండు వేల మెగాహెర్ట్జ్ దగ్గరైతే ఎనిమిదో వంతు. అదే తీగలో బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి పోతుంది, ఏ వోల్టేజీ అన్నదాన్ని బట్టి ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలో అడ్డ తరంగాలో పట్టుకుంటుంది. చవక తీగల్లో నడుమ ఉండేది ఉక్కు, పైన రాగి పూత మాత్రమే. ఆ పూత సిగ్నల్‌కు సరిపోతుంది, ఎందుకంటే అది ప్రవహించేది పైపొరలోనే. కాని కింది నుంచి పోయే కరెంటుకు ఉక్కు నిరోధం ఎక్కువ, తీగ పొడవైతే 18 వోల్టులు పైకి చేరేలోపే పడిపోతాయి. సగం చానళ్లు బాగా వచ్చి సగం అసలు రాకపోతే, టీవీని అనుమానించే ముందు ఈ తీగనూ దాని జాయింట్లనూ చూడాలి. నాలుగంతస్తుల భవనానికి లోపల పూర్తి రాగి ఉన్న తీగే కొనాలి.

వరంగల్ ఎండలో మామూలు తొడుగు కొన్నేళ్లకే పగుళ్లు బారుతుంది, ఆ పగుళ్లలో వాన నీరు దిగి లోపలి జాలీని తుప్పు పట్టిస్తుంది. నల్లని పాలిథిన్ తొడుగు ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. డాబాల మీద తిరిగే కోతులు తీగను లాగి డిష్ దిశను తప్పించడం హనుమకొండలో ఇంటింటి కథ, తీగను వేలాడదీయకుండా గోడకు అడుగడుగునా క్లిప్పులు కొట్టిస్తే వాటికి పట్టు దొరకదు. ఎల్‌ఎన్‌బీ దగ్గర తీగను కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లి బిగించాలి, అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పిన్ను మీద నీరు చొరని టేపు చుట్టాలి. జోరువానలో బొమ్మ ఆగిపోవడం వేరే సంగతి, ఆ తరంగాలను వాన చినుకులే మింగేస్తాయి కాబట్టి దానికి కేబుల్ మందు కాదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు మరొక్క సంగతి. హెచ్‌డీఎంఐ మూతి వెడల్పే 14 మిల్లీమీటర్లు, దాని పైతొడుగు ఇంకా లావు, కరెంటు వైర్ల కోసం వేసే సన్నని కన్సీల్డ్ పైపు మలుపుల్లో అది ఇరుక్కుపోతుంది. తెగ్గోసి లాగి మళ్లీ అతికించడానికి అది కరెంటు వైరు కాదు. టీవీ గోడ నుంచి కిందికి కనీసం రెండు అంగుళాల పైపు, మలుపు దగ్గర మూలలా కాకుండా గుండ్రని వంపు పెట్టమని ప్లాస్టరింగ్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. కేబుల్ వేశాక కూడా, రేపు మరో కేబుల్ లాగడానికి పైపులో ఒక నైలాన్ తాడు వదిలెయ్యమనాలి. మామ ఇంట్లో పై అంతస్తు గోడలు లేస్తున్నాయి, తాడు కొనుక్కొచ్చి మేస్త్రీ చేతికి ఇచ్చి వచ్చాను.